దూదక్కకు తోడు

పోయిన నెలలో నల్లమాడలో ఉన్న మా మేనకోడలు షమీమ్ ఇంటికి వెళ్ళాను. బస్సు దిగి వాళ్ళ సందులోకి తిరిగానో లేదో ఒక అరుపు వినిపించింది. నూనె మొహం చూడని బోరింగును ఎవరో పంతం పట్టి కొడుతున్నట్టు, ఊపిరి తీసుకోకుండా అరుస్తోంది. నా కాళ్ళు అక్కడే నిలబడిపోయాయి. ఆ గొంతు విని యాభై ఏళ్ళు దాటింది, అయినా చెవి దాన్ని మరిచిపోలేదు. లోపలికి వెళ్ళి చూస్తే పెరట్లో ఏడెనిమిది నాటుకోళ్ళు, ఒక పుంజు, ఒక టర్కీ కోడి దేని పని అది చూసుకుంటున్నాయి. వాటికి దూరంగా ఒక గిన్నికోడి, ఒళ్ళంతా తెల్ల చుక్కలతో, మా అల్లుడి మోటారు సైకిలు పక్కన నిలబడి, మెరుస్తున్న పొగగొట్టంలో కనిపించే తన మొహానికి తన కష్టాలన్నీ చెప్పుకుంటోంది.

"పాములు తిరుగుతాండాయని సంతలో తెచ్చినాం అత్తా దీన్ని," అంది షమీమ్. "పాము రాలేదు గానీ, ఇది వచ్చినకాడి నుంచి మాకు కంటి మీద కునుకు లేదు. కోళ్ళను తరుముతాది, బండికి ముద్దులు పెడతాది. ఫోన్లో చూస్తే దీన్ని ఒక్కదాన్నే పెట్టకూడదంట. దాని జాతివి ఇంగా రెండు మూడు పక్కన ఉండాలంట. నిజమేనా?"

నాకు నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ బట్టలుతికే బండ మీద కూలబడ్డాను. షమీమ్ భయపడి చెంబుతో నీళ్ళు తెచ్చింది. "ఫోను చెప్పిందాంట్లో తప్పు లేదు తల్లీ," అన్నాను. "ఆ ఒక్క ముక్క తెలుసుకునేదానికి మా ఇంట్లో రెండు కందూరులు పట్టినాయి." ఆ పూట వాళ్ళకు కథంతా చెప్పాను. చెబుతూ ఉంటే, ఎప్పుడో పోయాయనుకున్న వాసనలు కూడా వచ్చి పక్కన కూర్చున్నాయి. ఇంత వయసులో ఇంకా గుర్తుంచినందుకు అల్లాకు దండం పెట్టుకుని ఇక్కడ రాసి పెడుతున్నాను.

మాది పరుపులు కుట్టే ఇల్లు. శెనక్కాయ చేలు, రాళ్ళ గుట్టలు తప్ప చెప్పుకోవడానికి ఇంకేమీ లేని పల్లె. మా నాయన దూది ఏకే విల్లును సైకిలుకు కట్టుకుని ఊరూరా తిరిగేవాడు. బయట పని లేని రోజుల్లో వసారాలోనే కూర్చుని ఏకేవాడు. విల్లు నారి టుంయ్ టుంయ్ మని మోగుతూ ఉంటే దూది పొగలాగా లేచి ఇల్లంతా తిరిగేది. సంగటిలో దూది, పులుసులో దూది, మా జేజి కనుబొమ్మల మీద దూది. చుట్టాలెవరైనా భోజనానికి కూర్చుంటే మా అమ్మ ముందుగానే చెప్పేది, "అది వెంట్రుక కాదు వదినా, దూదే, తిను" అని. కొత్త దూదికి ఒక వాసన ఉంటుంది. కొంచెం గింజల నూనె, కొంచెం ఎండ, కొంచెం దుమ్ము. ఇప్పుడు దుకాణంలో కొనే పరుపుకు మందుల షాపు వాసన వస్తుంది. మెత్తగానే ఉంటుంది, కాదనను, ఈ నడుముకు అది కూడా దేవుడిచ్చిందే.

బడి వాగు అవతల ఉండేది. ఆడపిల్లను అంత దూరం పంపడానికి అమ్మ ఒప్పుకోలేదు. ఐదో తరగతి దాకా చదివిన నాయన, పరుపు గుడ్డ మీద కొలతలు గీసే సుద్దముక్కతో నాకు అక్షరాలు దిద్దించాడు. గుడ్డ పరిస్తే అదే నా పలక. నేను రాయడం అయిపోయాక నాయన ఆ గుడ్డను తిరగేసి, రాసిన వైపు లోపలికి పోయేటట్టు కుట్టేసేవాడు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఎంతమంది నా గుణింతాల మీద, తప్పులతో సహా, నిద్రపోయారో లెక్క లేదు. ఒకసారి ఒత్తులన్నీ తప్పు రాసిన గుడ్డ ఒక పెద్ద రెడ్డిగారింటికి పరుపై వెళ్ళిపోతే, ఆయనకు నిద్ర పట్టదేమోనని వారం రోజులు దిగులు పడ్డాను.

ప్రార్థన మాత్రం జేజి నేర్పింది. జేజి అంటే నాయనకు అమ్మ, పేరు హుస్సేనమ్మ. ఆమెకు అరబ్బీలో వచ్చిన ముక్కలు కొన్నే. నమాజులో అవి చదివేసి, ఆ తర్వాత చాప మీదే కూర్చుని, గోడ అవతలి మనిషితో మాట్లాడినట్టు తెలుగులో మాట్లాడేది. "అల్లా, ఈ పొద్దు రెండు బిందెల నీళ్ళు దొరికినాయి, నీ దయ. ఎడమ మోకాలు లేయనీయడం లేదు. కుడిది బాగుండాది, దానికీ నీ దయ." నాకు ఎప్పుడూ ఒకే మాట చెప్పేది. "ముందు ఇచ్చినదానికి దండం పెట్టాల, తర్వాత అడగాల. లేదంటే, పెట్టిన కూడు ముట్టకుండానే మారు అడిగినట్టుంటాది." ఈ వయసు దాకా నేను నేర్చుకున్న చదువులో అరిగిపోనిది అదొక్కటే.

ఒకసారి నాయన ఒక తోటలో పరుపులు కుట్టడానికి పోయి, వస్తూ వస్తూ నాలుగు గుడ్లు దూదిలో చుట్టి తెచ్చాడు. ఆ తోట ఆసామి గిన్నికోళ్ళు సాకేవాడు. గుడ్లు చిన్నవే గానీ గులకరాళ్ళంత గట్టివి, పైన మచ్చలు. అప్పటికి మా ఇంట్లో ఒక పెట్ట పొదుగుడుకు కూర్చుని ఉంది. జేజి బిస్మిల్లా అని ఆ నాలుగింటినీ కూడా దాని కిందకు తోసి, గోడ మీద బొగ్గుతో రోజుకో గీత గీయడం మొదలుపెట్టింది. కోడికి మూడు వారాలు. అది మా జేజికీ, జేజి అమ్మకూ, ఆమె అమ్మకూ తెలిసిన లెక్క. మూడు వారాలకు కోడిపిల్లలు వచ్చాయి, పెట్ట వాటిని తీసుకుని దిగిపోయింది. గిన్నికోడి గుడ్లు మాత్రం కదలలేదు. జేజి ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, "మురిగినాయి. దిబ్బలో పారేసి రా, మాబూ," అంది. మాబున్ని నా పేరు.

గిన్నికోడికి నాలుగు వారాలని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. కాకపోతే ఆ గుడ్ల మీది మచ్చలు నాకు నచ్చాయి. పారేయలేక, వసారా మూలన పెండ్లి పరుపు కోసం ఏకి పెట్టిన దూది కుప్పలో దాచి, తర్వాత వాటి సంగతే మరిచిపోయాను. అది మే నెల. పైన రేకులు, చుట్టూ దూది, పగలూ రాత్రీ ఆ మూల సంగటి కుండలాగా వెచ్చగా ఉండేది. మేం పారేశామనుకున్న లెక్కను దేవుడు ఆ మూల కూర్చుని పూర్తి చేశాడు.

వారం గడిచాక నాయన ఆ పరుపు కుట్టడానికి కూర్చున్నాడు. దూదిని చేతులతో ఎత్తి గుడ్డలో నింపి, కట్టెతో రెండు తట్లు తట్టాడో లేదో, పరుపు కీచుమంది. నాయన చుట్టూ చూశాడు. ఇంకో తట్టు తట్టాడు. మళ్ళీ కీచుమంది.

"అమ్మా," అని జేజిని పిలిచాడు మెల్లగా. "పరుపు ఏడస్తాండాది."

"ఎవరి పెండ్లికి కుడతాండావు?" అని అడిగింది జేజి, అదేదో ఆ పెండ్లి సంగతే అయినట్టు. వచ్చి పరుపులో మోచేతి దాకా చెయ్యి పెట్టి, దూదితో సహా ఒక పిల్లను బయటికి తీసింది. వేలెడంత ఉంది, నెత్తి మీద గీతలు. అది కళ్ళ మీది దూది విదిలించుకుని మొదట చూసింది మా జేజి మొహం. అంతే. ఆ తర్వాత అది ఇంకెవరినీ అమ్మ అనుకోలేదు. మిగతా మూడు గుడ్లు నిజంగానే మురిగినవి. ఆ మూల వాసన పోవడానికి చాలా రోజులు పట్టింది, నాకు పడిన చీవాట్లు అంతకంటే ఎక్కువ రోజులు నడిచాయి.

దానికి దూదక్క అని పేరు పెట్టాం. పెట్ట దగ్గర వదిలితే పెట్ట పొడిచింది. కోడిపిల్లల్లో వదిలితే అవి వారం పెద్దవైన గర్వంతో తొక్కాయి. జేజి చెంగులో వేసుకుంటే నోరు మూసుకుని నిద్రపోయింది. ఇట్లా ఉండగా వాన పడింది. ఎన్నాళ్ళకో పడిన వాన. ఊరంతా బయటికి వచ్చి నెత్తిన నీళ్ళు పట్టుకున్నారు, పక్కింటి ఓబులక్క ఉన్న బిందెలన్నీ చూరు కింద పెట్టి వాటి మధ్య తానూ నిలబడింది. ఆ సంబరంలో దూదక్కను అందరం మరిచిపోయాం. చూసేసరికి అది తడిసి, కొయ్యముక్కలాగా బిగుసుకుపోయి ఉంది. జేజి దాన్ని దూదిలో చుట్టి పొయ్యి దగ్గర పెట్టుకుని, గుట్ట మీది దర్గా వైపు తిరిగి, ఏడుస్తూ మొక్కుకుంది. "సామీ, దీన్ని బతికించు. బతికితే నీ కందూరికి దీన్నే ఇస్తా."

అమ్మే అడిగింది. "అత్తా, కోసేదానికా బతికించమంటివి?"

జేజి మొహం చిన్నబోయింది. మా వైపు మేకపిల్లకు జబ్బు చేసినా, దూడకు చేసినా అట్లాగే మొక్కుకుంటారు. 'బతికితే నీదే సామీ' అన్న మాట అలవాటుగా నోట్లోంచి వచ్చేస్తుంది. కందూరి అంటే ఏడాదికోసారి దర్గా దగ్గర చేసే విందు. మొక్కిన కోళ్ళను దర్గా చూసుకునే ముజావర్ సాబు కోస్తే, అక్కడే వండి అందరికీ పెడతారు. ఇప్పటి పిల్లలు దర్గాలకు మొక్కడం సరి కాదంటారు. మా తమ్ముడి కొడుకు నాకు ఓపికగా వివరించాడు కూడా. నేను వాదించను. నాకు తెలిసిందల్లా, ఆ పూట జేజి ఇచ్చిన మాట నిజమైన మాట, సాయంత్రానికి దూదక్క కళ్ళు తెరిచి సంగటి మెతుకు తిన్నది కూడా నిజమే.

అది పెరిగింది. బూడిద రంగు చీర మీద తెల్ల చుక్కలు, బోడి నెత్తి మీద చిన్న కొమ్ము. "సాయిబుల ఇంట్లో పుట్టినందుకు టోపీ పెట్టుకోనొచ్చినాది," అనేది ఓబులక్క. దాని మంచి గుణాలు చెప్పాలంటే, పురుగులను బాగా తినేది. మిగతావన్నీ వేరే రకం. ఆరేసిన చొక్కా గాలికి ఊగితే అరుపు. గొడుగు తెరిస్తే అరుపు. ఓబులక్క కొత్త రైక తొడిగితే ఆ రైక పాతబడే దాకా అరుపు. కోళ్ళ మధ్యకు పోయి నిలబడేది, అవి గింజలు ఏరుకుంటూ వాటి మాటలేవో మాట్లాడుకుంటుంటే కొంచెం సేపు మెడ వంచి వినేది, తర్వాత అర్థం కాని ఊళ్ళో బస్సు దిగినదానిలాగా అటూ ఇటూ చూసి, పుంజును ఒక పొడుపు పొడిచి జేజి కోసం పరిగెత్తుకొచ్చేది. రాత్రి గూట్లో కోళ్ళతో పెడితే ఊరు లేచేది. చివరికి జేజి మంచం కోడు మీదే పడుకునేది. అమ్మ తన చేతి అద్దాన్ని గూట్లో పెట్టి చూసింది. దూదక్క ఆ అద్దంతో రోజంతా కబుర్లు చెప్పి, సాయంత్రానికి బదులు రావడం లేదని కోపం వచ్చి పగలగొట్టింది. నాయన విల్లు మోగినంతసేపూ మాత్రం పక్కనే నిలబడి, ప్రతి టుంయ్‌కూ ఒక కూత కూసేది. నాయన అది చూసి, "మా ఇంట్లో నా మాట వినేది ఇదొక్కటే," అనేవాడు.

కందూరి వచ్చింది. జేజి మాట తప్పే మనిషి కాదు. ముందు రోజు నుంచీ కూడు ముట్టలేదు, పొద్దున్నే దూదక్కకు కొర్రలు పెట్టి, నీళ్ళతో ముక్కు కడిగి, చంకన పెట్టుకుని గుట్ట ఎక్కింది. వెనక నాయన, అమ్మ, నేను. నేను దారి పొడుగునా నాకు వచ్చిన దువాలన్నీ చదివాను. అన్నీ చదివాక, గుణింతాలు కూడా చదివాను. దేవుడికి ఏది పనికొస్తుందో నాకేం తెలుసు.

ముజావర్ సాబు ఉబ్బసం ఉన్న ముసలాయన. రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకునేవాడు. ఆయన పద్ధతి ఒకటి ఉండేది. ఏ జీవానికైనా కత్తి చూపించకూడదు, దాని తోటివాటి కళ్ళ ముందు కోయకూడదు. ఒక్కొక్క కోడిని గోడ వెనక్కు తీసుకుపోయేవాడు. దూదక్కనూ తీసుకుపోయాడు. గోడ అవతల జేజి కనపడకపోయేసరికి అది అరిచిన అరుపుకు దర్గా మీది పావురాలన్నీ లేచిపోయాయి. ఆయన చేతిలోంచి జారి, గోడ మీదుగా ఎగిరి, తిన్నగా వచ్చి జేజి నెత్తి మీద వాలింది. జేజిని మెట్ల కిందకు పంపారు. దూదక్క మెట్లు దిగి వెతుక్కుంది. మూడోసారి దాని మీద పెద్ద గంప బోర్లించి, జేజిని బండల అవతలికి పొమ్మన్నారు. జేజికి పాపం అక్కడ దగ్గొచ్చింది. ఆ దగ్గు వినగానే గంప లేచి పరిగెత్తింది. కాళ్ళు కనపడవు, వట్టి గంప ఒకటి కందూరి పొయ్యిల మధ్య, జనం కాళ్ళ మధ్య, బండల వైపు పోతూ ఉంటే, వంట చేస్తున్న ఆడవాళ్ళు గరిటెలు వదిలేసి నవ్వారు.

ముజావర్ సాబు కత్తి ఒరలో పెట్టి బండ మీద కూర్చున్నాడు. "హుస్సేనక్కా, ఇది ఎవరి బిడ్డ?"

"సామి బిడ్డే సాబూ. మొక్కుకున్నా."

"సామి బిడ్డయితే సామి కాడ ఉండాల గదా. నీ నెత్తిన ఏం పని దానికి?" ఆగి ఊపిరి తీసుకున్నాడు. "దాని మనుషుల ఎదుట కోయకూడదని మా నాయన చెప్పి పోయినాడు. దీని మనిషి నువ్వే. నిన్ను ఏ మూలకు పంపినా నీ వెంటే వస్తాది. నేనేం చేసేది?"

"మరి నా మొక్కు?"

"ఈ ఏటికి వద్దు. అది నిన్ను మరిచిపోయిందంటే, అప్పుడు తీసుకురా. వచ్చే కందూరికి చూద్దాం."

ఆ ఏడు మా పొయ్యి మీద గుమ్మడికాయ అన్నం వండాం. ముక్కలేవని ఎవరో అడిగితే, "నెత్తి మీద కూర్చోనుండాది," అని నాయన జేజిని చూపించాడు.

ఆ తర్వాత కొన్ని నెలలు నేను ప్రపంచంలోకెల్లా సంతోషంగా ఉన్నాను. దూదక్క జేజిని మరిచిపోదు, కాబట్టి బతుకుతుంది. లెక్క సరిపోయింది. అప్పుడు మా చిన్నత్తకు కాన్పు వచ్చింది. జేజి కదిరికి పోయి నాలుగు రోజులు ఉండాల్సి వచ్చింది. ఆ నాలుగు రోజులు దూదక్క గింజ ముట్టలేదు. పెరటి గోడ వెంబడి ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు నడిచింది. నడిచిన చోట సన్నని బాట పడింది. మొదటి రెండు రోజులు అరిచింది, తర్వాత గొంతు పోయి నోరు మాత్రం తెరిచేది. నేను జేజి చీర కట్టుకుని పోయి కూర్చున్నాను. దగ్గరికి వచ్చి మొహం చూసి, నన్ను పొడిచి వెళ్ళిపోయింది.

జేజి తిరిగొచ్చి, ఎముకల గూడైపోయిన దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క కొర్ర గింజే తినిపించింది. తర్వాత నాయనతో, "ఆ తోటకు పోయి దీని జాతివి రెండు అడిగి తీసుకురా," అంది.

గోడ అవతల నుంచి ఓబులక్క తల పైకి వచ్చింది. "పిన్నమ్మా, ఆలోచించే అంటాండావా? జత వస్తే అది నిన్ను మరిచిపోతాది. మరిచిపోతే తీసుకురమ్మని సాబు చెప్పె గదా. ఇట్ల ఒంటిగా ఉంటేనే దానికి ఆయుసు."

"ఉండాది ఆయుసు. ఏం చేసుకుంటాది దాంతో?" అంది జేజి. "నేనేమన్నా నూరేండ్లు ఉంటానా? ఉన్నా, దాని మాట నాకు రాదు. రోజంతా అది ఏదో చెప్తాది, నేను ఊఁ అంటా. ఊఁ అనేదానికి ఒక మనిషి ఉంటే చాలునా?"

నేను ఏడ్చాను. జత తేవద్దన్నాను, ఒంటరిగానే ఉండనీ, బతికుంటే చాలన్నాను. జేజి నా తల మీద చెయ్యి పెట్టి, "దానికి తోడు ఇచ్చేది మన చేతిలో ఉండాది మాబూ, ఆ పని చేద్దాం. ఆయుసు మన చేతిలోది కాదు, దానికి మనం కావలి కాయలేం," అంది. ఇప్పుడు షమీమ్‌కు ఫోను ఒక్క క్షణంలో చెప్పేసింది, మంచిదే, ఆ పక్షి నాలుగు రోజులు గోడ వెంట నడవకుండానే జత వస్తుంది. అందుకు ఫోనుకు కూడా దండం పెట్టొచ్చు. కానీ తెలిసిన తర్వాత ఏం పోగొట్టుకుని ఆ పని చేయాలో ఫోను చెప్పదు. అది మా జేజి చేస్తుంటే చూసి నేర్చుకున్నాను.

నాయన రెండు గిన్నికోళ్ళను పరుపు గలేబులో వేసి, తలలు మాత్రం బయటకు పెట్టి, సైకిలుకు కట్టుకుని తెచ్చాడు. ఒంటి పూట పెరట్లో యుద్ధం జరిగింది. మూడూ ఒకదాన్నొకటి చూసి అరిచాయి, పుంజు భయపడి ఓబులక్క ఇంటికి వలస పోయింది. సాయంత్రానికి మూడూ ఒక వరసలో నడుస్తున్నాయి. ఒకటి ఆగితే మూడూ ఆగుతాయి, ఒకటి తల తిప్పితే మూడూ తిప్పుతాయి. చీకటి పడగానే రేకుల మీదికి ఎగిరి పక్కపక్కన కూర్చున్నాయి. జేజి మంచం మీద పడుకుని, మంచం కోడు వైపు రెండు మూడుసార్లు చూసింది. మర్నాడు గుప్పెడు కొర్రలు పట్టుకుని పిలిచింది. దూదక్క వచ్చింది, తిన్నది, మూతి జేజి చీరకే తుడుచుకుని వెళ్ళిపోయింది. "చూసినావా, పెండ్లయిన కొడుకు మాదిరి తిని పోతాండాది," అని నాయన వైపు చూస్తూ అంది జేజి. నాయన విల్లు చేతికి తీసుకుని గట్టిగా ఏకడం మొదలుపెట్టాడు.

రెండో కందూరి వచ్చింది. చెప్పకుండా ఊరుకుంటే సరిపోదా అని నేను అడిగాను. సామి మరిచిపోయి ఉండొచ్చు కదా అన్నాను. "సామి మరిచిపోతే పోనీ, నేను మరిచిపోలేదే," అంది జేజి. దూదక్కను గంపలో పెట్టి, పైన గుడ్డ కట్టి, నెత్తిన పెట్టుకుంది. మిగతా రెండింటినీ అమ్మ గదిలో వేసింది. ఆ తలుపు గడియ పెట్టే పని నాది. పెట్టానని అప్పుడు చెప్పాను, ఇప్పటికీ ఇంట్లో వాళ్ళకు అదే చెప్తున్నాను. నిజం అల్లాకు తెలుసు, ఆయన ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మేము ఊరి చివర దాటామో లేదో వెనక నుంచి రెండు బోరింగులు ఒకేసారి మోగినట్టు అరుపులు. గంపలోంచి మూడోది జవాబు. రెండు గిన్నికోళ్ళూ మెడలు చాచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకున్న ఆడవాళ్ళలాగా పరిగెత్తుకుంటూ వస్తున్నాయి. వాటి వెనక రెండు కుక్కలు, కుక్కల వెనక ఓబులక్క, ఆమె వెనక పనీపాటా లేనివాళ్ళంతా. జేజి వెనక్కు తిరగలేదు. గుట్ట ఎక్కేసరికి మాది మొక్కు తీర్చుకునే వాళ్ళ గుంపులాగా లేదు, మేళంలాగా ఉంది.

ముజావర్ సాబు గోడ దగ్గరే నిలబడి మేము మెట్లెక్కడం అంతా చూశాడు. గంప దించగానే రెండు కోళ్ళూ వచ్చి గంపకు చెరో వైపు నిలబడి, ఆయన మొహంలోకి చూసి అరిచాయి. ఆయన వాటిని తరిమాడు. అవి గోడెక్కి అక్కడి నుంచి అరిచాయి. ఆయన గంపతో గోడ వెనక్కు పోయాడు. అవి అటు వైపు దిగాయి. ఆయన మళ్ళీ ఇటు వచ్చాడు. ఆయాసంతో బండ మీద కూర్చుని, ఊపిరి అందాక అన్నాడు.

"నిన్ను మరిచిపోయిందా అక్కా?"

"మరిచిపోయినాది సాబూ," అంది జేజి. "కొర్రల కోసం తప్ప నా మొహం చూడదు."

"పోయినేడు దీనికి ఒక్కరే. ఈ ఏడు ఇద్దరు. నువ్వు వచ్చే ఏడు దీని మొగుడి తట్టు వాళ్ళను కూడా పిలుచుకోనొస్తావు." గంప మీది గుడ్డ ఆయనే విప్పాడు. "రెండు తూర్లు తెచ్చి సామి ముందర పెట్టినావు. తెచ్చేది నీ పని, అయిపోయె. తీసుకోకుండా పంపిస్తాండేది ఆయన. ఇంగ దీన్ని ఈడికి తీసుకురావద్దు. నా ఉబ్బసం మీద ఒట్టు."

దూదక్క గంపలోంచి దూకి ఒళ్ళు విదిలించుకుంది. మిగతా రెండూ దాని చుట్టూ తిరిగి, ఒళ్ళంతా చూసుకుని, అరవడం ఆపేశాయి. ఆ గుట్ట మీద అంత నిశ్శబ్దం నేను అంతకుముందు వినలేదు. జేజి దర్గా వైపు తిరిగి చేతులు ఎత్తింది. ఏం చెప్పుకుందో ఈసారి వినపడలేదు, కానీ చాలాసేపు చెప్పింది.

దిగేటప్పుడు మూడు కోళ్ళూ ముందు నడిచాయి, ఒక వరసలో, దారిలో కనపడిన ప్రతి పురుగునూ పలకరిస్తూ. వెనక జేజి ఖాళీ గంప చంకన పెట్టుకుని, నా భుజం పట్టుకుని, ఎడమ మోకాలు ఈడ్చుకుంటూ దిగింది. సగం దూరం వచ్చాక ఆగింది.

"మాబూ, ఒక్క తూరి అన్నా తిరిగి చూస్తాదేమో చూడు. నాకు కండ్లు ఆనవు."

నేను చూశాను. మలుపు దగ్గర మూడూ ఒక్క క్షణం ఆగాయి. ఒక రాయిని చూసి అరిచి, మలుపు తిరిగి వెళ్ళిపోయాయి.

"చూడలేదు జేజీ," అన్నాను.

"మంచిది," అంది జేజి. చెంగుతో మొహం తుడుచుకుని నవ్వింది. "మంచిదే. నడువు."